సింహం గతం – చెంచుపిల్ల షరతులు

ప్రయోగశాలలో గాజుగొట్టాలు కడుక్కునే సైన్సు విద్యార్థికి ప్రేమకథల మీద వ్యాసం ఎందుకని మిత్రులు కొందరు నవ్వారు. నాకైతే ఈ రెంటికీ అంత దూరం ఉన్నట్టు తోచదు. ఒక ద్రావణం ఇవాళ ఈ రంగులో ఎందుకుందో తెలియాలంటే నిన్న అందులో ఏం కలిపారో తెలియాలి. కథానాయకుడి సంగతీ అంతే. అతడి నేటి నడతకు నిన్నటి కారణం ఒకటి ఉంటుంది. ఆ కారణాన్ని కథ ఎలా వాడుకుంటుందనేదే ఈ చిన్న వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

మన హాస్టళ్ళలో చేతులు మారి మారి అట్ట ఊడిపోయిన నవలలున్నాయి. ఇప్పుడు ఫోన్లలో చదివే ధారావాహికలూ వచ్చాయి. వాటిలో ఒక రకం నాయకుడు తరచుగా కనబడతాడు. బలవంతుడు, మాటకు ఎదురు లేనివాడు, కోపిష్ఠి. అతణ్ణి ఒకరికి మించి ప్రేమిస్తారు, అతడూ ఒకరికి మించి ప్రేమిస్తాడు. సగం పుస్తకం దాటేవరకు అతడు అందరినీ ఏడిపిస్తాడు. ఆ తర్వాత ఒక చీకటి గతం బయటపడుతుంది. చిన్నప్పుడు దెబ్బ తిన్నాడనో, నమ్మినవాళ్ళు మోసం చేశారనో, చేతికి రక్తం అంటిందనో తెలుస్తుంది. అంతే, నాయికలూ కరిగిపోతారు, మనమూ కరిగిపోతాం. అంతవరకు అతడు పెట్టిన బాధలన్నీ ఖాతాలోంచి కొట్టేస్తాం. ఇది న్యాయమేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నేను దూరం పోలేదు. మా నల్లమలలోనే ఒక కథ ఉంది. అది అహోబిల నరసింహస్వామికీ, చెంచులక్ష్మికీ జరిగిన ప్రేమకథ. దేవుడి కథను ప్రేమకథల పక్కన పెట్టి చూస్తున్నందుకు పెద్దలు మన్నించాలి. మనవాళ్ళు ఆ కథను శతాబ్దాలుగా ప్రేమకథగానే పాడుకున్నారు, ఆడుకున్నారు. అహోబిల మఠం 7వ పీఠాధిపతి అంతటివారే ‘వాసంతికా పరిణయం’ అనే సంస్కృత నాటకంగా దాన్ని రాశారు. ‘గరుడాచలం’ అనే పాత యక్షగానానికీ అదే కథావస్తువు. సినిమాగా రెండుసార్లు వచ్చింది. 1943లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, కమలా కోట్నీస్ నటించారు. 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించారు.

గతం అంటే ఏమిటి?

మొదట గతం సంగతి చూద్దాం. హిరణ్యకశిపుడు కోరిన వరం మనందరికీ తెలిసిందే. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేల మీద గాని నింగిలో గాని, మనిషి చేత గాని మృగం చేత గాని, ఆయుధంతో గాని చావు రాకూడదన్నాడు. స్వామి ఒక్కొక్క షరతునూ లెక్క ప్రకారం దాటుకుంటూ వచ్చాడు. సంధ్యవేళ, గడప మీద, తన తొడల మీద, సింహం ముఖంతో, గోళ్ళతో పని పూర్తి చేశాడు. దుష్టసంహారం కాబట్టి అందులో పాపం లేదు. కాని రక్తం ఉంది. పైగా చచ్చినవాడు పరాయివాడు కాదు. పూర్వం వైకుంఠ ద్వారం దగ్గర కాపలా ఉండి, శాపం తగిలి రాక్షసుడుగా పుట్టినవాడే. అంటే తన వాకిటి మనిషినే తాను చీల్చాడన్నమాట.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. శత్రువు చచ్చినా కోపం చావలేదు. దేవతలెవరూ దగ్గరకు పోలేకపోయారు. లక్ష్మీదేవిని పంపబోతే ఆమె కూడా ఆ రూపం చూసి జంకి ఆగిపోయిందని భాగవతం సప్తమ స్కంధం చెబుతుంది. చివరకు పసివాడైన ప్రహ్లాదుడు ముందుకు నడవవలసి వచ్చింది.

నాకు ఈ ఘట్టం చాలా ముఖ్యంగా తోస్తుంది. మగవాడి చీకటి గతానికి మొదటి వెల చెల్లించేది ఇంట్లోని మనిషి. యుద్ధం ఎంత న్యాయమైనదైనా కావచ్చు, యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ముఖాన్ని చూసి భార్య భయపడిందని మన పురాణం దాచకుండా చెప్పింది. ఆ భయాన్ని ఆమె లోపంగా చూపలేదు. ఆమెకు పాతివ్రత్యం తక్కువైందనీ అనలేదు. నేటి నవలాకారులు చాలామంది ఈపాటి నిజాయితీ చూపడం లేదు. నాయకుడు భయపెడితే నాయిక గుండె వేగంగా కొట్టుకుంటుంది, దాన్నే ప్రేమ అంటారు. భయానికీ గుండె వేగంగానే కొట్టుకుంటుందని శరీరధర్మశాస్త్రం మొదటి పాఠాల్లోనే చదువుకుంటాం.

ముఖం మీది గతం

కోపం తీరని స్వామి అడవిలో తిరిగాడనీ, అక్కడ చెంచుపిల్లను చూశాడనీ జనం చెప్పుకునే కథ. ఈ కథలోని అసలు విశేషం నా దృష్టిలో ఇది. నరసింహుడు తన గతాన్ని దాచుకోలేడు. అది ఆయన ముఖం మీదే ఉంది, గోళ్ళలో ఉంది. నవలలో నాయకుడి గతం తాళం వేసిన గదిలాంటిది. పెళ్ళయ్యాకో, మనసిచ్చాకో తలుపు తెరుచుకుంటుంది. అప్పటికి ఆ అమ్మాయికి వెనక్కిపోయే దారి ఉండదు. చెంచుపిల్లకు అలా కాదు. ఎదురుగా నిలబడ్డది సింహమని ఆమెకు మొదటి చూపులోనే తెలుసు. తెలిసి అడిగింది, తెలిసి ఒప్పుకుంది.

మా పల్లెల్లో సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు. నేను రైతు కుటుంబంలో పెరిగినవాణ్ణి, ఇలాంటి మాటలు అరుగుల మీద చాలా విన్నాను. ఆచరణలో మాత్రం ఏడు తరాలూ ఆడపిల్ల వైపే చూస్తారు. మగపిల్లవాడి విషయానికొచ్చేసరికి ‘వయసులో ఏదో తిరిగినాడులేబ్బా, పెళ్ళయితే అదే సర్దుకుంటాది’ అంటారు. తిరక్క మగవాడు చెడె, తిరిగి ఆడది చెడె అనే సామెత ఉండనే ఉంది. ఆ లెక్కన చూస్తే చెంచులక్ష్మి కథ మా అరుగుల మీది మాట కంటే ముందున్నది.

చెంచుపిల్ల షరతులు

మూడు లోకాలను వణికించినవాడు ఒక గూడెం పిల్ల ముందుకొచ్చి ఏమయ్యాడు? జనం పాటల్లోనూ ఆటల్లోనూ ఆమె అతణ్ణి పరీక్ష పెడుతుంది. చెట్టెక్కగలవా, విల్లు వంచగలవా, తేనె తీయగలవా, గడ్డలు తవ్వగలవా అని అడుగుతుంది. 1958 సినిమాలోని యుగళగీతం అంత ఇష్టంగా జనం నాలుకల మీద నిలవడానికి కారణం ఈ తమాషానే అనుకుంటాను. రాక్షసుణ్ణి చంపిన సంగతి ఆమె లెక్కలోకే రాదు. ఆ కథ చెప్పుకుంటే అక్కడ పూట గడవదు. అడవిలో బతకడం వచ్చా, రాదా? అదొక్కటే ఆమెకు కావలసింది.

మాది ఆత్మకూరు పక్క పల్లె. మా చేల గట్లు దాటి కాస్త పోతే అడవి, బైర్లూటి, నాగలూటి దారి. ఆ వైపు చెంచు గూడేలున్నాయి. కొండచరియకు వేలాడుతూ తేనెపట్టు కొట్టేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదే అయి ఉండాలని చెంచుల గురించి మావైపు చెప్పుకుంటారు. అక్కచెల్లెలి బతుకు ఆ తాడు మీదే ఉంది కాబట్టి అతడు చేయి వదలడని నమ్మకం. ఎంత బలవంతుడైనా అక్కడ ఒకరి చేతిలోని తాడుకు వేలాడవలసిందే. అల్లుడి ప్రాణం ఆమె పుట్టింటివాళ్ళ చేతుల్లో ఉంటుంది.

బలవంతుడైన నాయకుణ్ణి ప్రేమకు తగినవాడుగా చేసేది ఇదేనని నా అభిప్రాయం. అతడు గతం చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంటే చాలదు. ఎదుటివాళ్ళ షరతులకు ఒప్పుకోవాలి, వాళ్ళ తాడుకు వేలాడాలి. కథలో నరసింహుడి కోపం చల్లారడానికి కారణం చెంచుపిల్ల అందం అని పైపైన చదివినవాళ్ళు అంటారు. అలా అయితే ఆమె మందుగుళికతో సమానమైపోతుంది. నా మటుకు, అతడు తొలిసారిగా ఒకరి దగ్గర పని నేర్చుకున్నాడు కాబట్టి చల్లారాడనుకోవడమే సబబు.

ఇద్దరు లక్ష్ములు

ఇక కష్టమైన భాగానికి వద్దాం. ఆదిలక్ష్మి ఉండగా చెంచులక్ష్మి వచ్చింది. దీన్ని అందరూ సమానంగా ప్రేమించుకున్న కథ అని చెబితే అబద్ధమవుతుంది. ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరు మగవాళ్ళుండే హక్కు ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు. అహోబిలం ఒక్కటే కాదు, మన తెలుగునేలంతా ఈ నమూనా కనిపిస్తుంది. కొమురవెల్లి మల్లన్నకు మేడలమ్మ, కేతమ్మ ఉన్నారు. వేంకటేశ్వరుడికి బీబీ నాంచారి ఉంది. ఆ బంధుత్వం పేరుతోనే ఉగాదినాడు ముస్లిములు దేవుని కడపకు వచ్చి స్వామిని దర్శించుకుంటారు. తమిళదేశంలో మురుగనికి వేటగాళ్ళ పిల్ల వళ్ళి ఉంది. మొదటి భార్య పెద్దింటిది, రెండో భార్య అడవిదో మందదో వేరే మతానిదో అవుతుంది. రెండు సమాజాలు కలిసిన జ్ఞాపకాన్ని ఈ పెళ్ళిళ్ళు దాచుకున్నాయని పరిశోధకులు రాశారు. ఆ మాటలో నిజముంది. కాని సమాజాలు కలవడానికి ప్రతిసారీ ఒక ఇల్లాలే చోటు ఇవ్వవలసి వచ్చిందన్న సంగతి కూడా మరవరాదు.

ఆ ఇల్లాలు ఊరుకున్నదా? ఊరుకోలేదు. మన వీధి ఆటల్లో సవతుల కయ్యం ఒక పెద్ద ఘట్టం. గంగా గౌరీ సంవాదం అందరూ ఎరిగినదే. చెంచులక్ష్మి ఆటలోనూ అంతే. నేను మా అవ్వను అడిగితే ఆమె ఆలోచించకుండానే చెప్పింది: ‘లచ్చుమమ్మ తలుపేసుకునింది రా అబ్బీ. ఊరికే ఉంటాదా యాడన్నా? బయట నిలబడుకొని బతిమాలుకున్న్యాడు సామి.’ గోళ్ళతో రాక్షసుణ్ణి చీల్చినవాడు మూసిన తలుపును చీల్చలేదు. బయట నిలబడ్డాడు. మా అవ్వ చదువుకున్నది కాదు, కాని బలవంతుడు బలాన్ని ఎక్కడ వాడకూడదో ఆ ఒక్క మాటలో ఉంది.

కొన్ని కథనాలు ఈ చిక్కును ఇంకో విధంగా విడదీస్తాయి. చెంచులక్ష్మి వేరెవరో కాదు, ఆదిలక్ష్మి అంశే అంటాయి. భక్తికి అది సరిపోతుంది. కథగా మాత్రం అది చిక్కు తప్పించుకోవడమే. ఇద్దరూ ఒక్కరే అనేస్తే అసూయ పడ్డ ఇల్లాలికి జవాబు చెప్పనక్కరలేదు, అడవిపిల్లకు సొంత పేరూ అక్కరలేదు. కయ్యం ఉన్న కథే నాకు ఎక్కువ నిజంగా కనిపిస్తుంది.

1955 హిందూ వివాహ చట్టం ప్రకారం భార్య ఉండగా రెండో పెళ్ళి చెల్లదు. కాబట్టి ఎవరైనా ఈ కథను చూపించి తన రెండో సంసారానికి సాక్ష్యం తెచ్చుకుంటే అది పనికిరాని సాక్ష్యం. కథను అనుకరించడానికి చదవము, ఆలోచించడానికి చదువుతాము.

కొండ మీద కడగని గుర్తులు

నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ మండలంలోని అహోబిలంలో స్వామికి తొమ్మిది రూపాలు. జ్వాలా నరసింహుడి దగ్గర సంహార ఘట్టం. అక్కడే స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తగుండం. పైన ఉగ్రస్తంభం. అదే కొండల్లో మాలోల నరసింహుడు ఉన్నాడు. మా అంటే లక్ష్మి, ఆమె మీద మనసుపడ్డవాడు మాలోలుడు. జంకి ఆగిన లక్ష్మి ఇక్కడ పక్కనే కూర్చుని ఉంటుంది. ఇంకా లోపలి అడవిలో పావన నరసింహుడు, చెంచులక్ష్మి. మావాళ్ళు పాములేటి నరసింహస్వామి అంటారు. అక్కడ మాంసం వండి పెట్టుకునే ఆచారం కూడా వచ్చింది. అడవిపిల్ల తన వంట మానుకోలేదని దాని అర్థం.

స్థలపురాణం కట్టినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో చూడండి. రక్తగుండాన్ని పూడ్చి మాలోలుడి గుడి కట్టలేదు. రెండూ ఉంచారు. యాత్రికుడు రెండూ చూడవలసిందే. గతాన్ని చెరిపేయలేదు, అలాగని దాన్ని సింహాసనం మీదా కూర్చోబెట్టలేదు. తొమ్మిదింటిలో దాని చోటు దానికి ఇచ్చారు.

మా అమ్మ పుట్టిల్లు ఆళ్ళగడ్డ వైపు. అక్కడ పార్వేట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కనుమనాడు మొదలై సుమారు 40 రోజులు స్వామి పల్లకి 30కి పైగా ఊళ్ళు తిరుగుతుంది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో వస్తారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి స్వామే ఊరూరా వచ్చి పిలుస్తాడని నమ్మకం. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణాలు వేయడం ఆచారం. అది మర్యాద అనేవారున్నారు, కాపలా అనేవారున్నారు. నాకు మాత్రం మేనమామలు అల్లుడికి చేసే హెచ్చరికలా కూడా కనిపిస్తుంది. ‘మా పిల్లనిచ్చినాం, మతి పెట్టుకో’ అన్నట్టు. పెళ్ళి అయిపోయిందని తాడు వదిలేయలేదు వాళ్ళు. ఏటా పట్టుకునే ఉన్నారు.

ఒక్క మాట చెప్పక తప్పదు. దేవుణ్ణి అల్లుడుగా చెప్పుకునే చెంచులు ఈనాటికీ ప్రభుత్వ లెక్కల్లో ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగగానే ఉన్నారు. పల్లకికి దండం పెట్టి, ఆ పెళ్ళికూతురి పుట్టింటివాళ్ళను మరచిపోతే మనం సగం కథే విన్నట్టు.

‘మైదానం’ చెప్పే ఎదురు సాక్ష్యం

ఆధునిక సాహిత్యంలో ఒకరికి మించిన ప్రేమను సూటిగా రాసినవాడు చలం. 1927 నాటి ‘మైదానం’లో రాజేశ్వరి లాయరు భర్తను విడిచి అమీర్‌తో వెళ్తుంది. తర్వాత మీరా అనే కుర్రవాడు వస్తాడు. ఆమె ఇద్దరినీ ప్రేమిస్తుంది. ఇక్కడ కేంద్రం స్త్రీ. అంతవరకు అది పాత కథల కంటే పెద్ద అడుగు. కాని అమీర్ ఎలా పెరిగాడు, అతడి వెనక ఏముంది అన్న సంగతులకు నవల పెద్దగా చోటివ్వదు. గతం లేనివాడిలా వస్తాడు, బలంతో ఏలుతాడు. పంచుకోవలసిన రోజు వచ్చేసరికి తట్టుకోలేకపోతాడు. అతడి చావు, ఆమె జైలు, ఇదీ ముగింపు. గతాన్ని సాకుగా వాడడం ఎంత తప్పో, బలవంతుడి గతాన్ని అసలు అడగకుండా మనసివ్వడం అంత ప్రమాదమని ఈ నవల నాకు నేర్పింది. చుట్టూ మైదానమే, షరతు పెట్టే పుట్టిల్లు లేదు, తాడు పట్టుకునే బావమరిది లేడు.

1960ల తర్వాత వారపత్రికల నవలల్లో ధనవంతుడు, ముక్కోపి అయిన నాయకుడు స్థిరపడ్డాడు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం గురించి ఊళ్ళో నానా మాటలు పడి ఉన్నా, జయంతి ఆత్మాభిమానం వదులుకోదు. అందుకే ఆ నవల నిలిచింది. దాన్ని చూసి రాసినవాళ్ళు చాలామంది కారును, కోపాన్ని ఉంచుకున్నారు, ఆత్మాభిమానాన్ని వదిలేశారు.

నాలుగు ప్రశ్నలు

ప్రయోగం చివర ఫలితాలు రాయడం మాకు అలవాటు. ఇలాంటి కథ ఏది చదివినా వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగని నాకు తేలింది.

1. నాయకుడి గతం అతడి నడతకు కారణం చెబుతున్నదా, లేక క్షమాపణ లాక్కుంటున్నదా? కారణం వేరు, క్షమాపణ వేరు.

2. మనసివ్వక ముందే ఆ గతం అందరికీ తెలుసా? ముఖం మీద ఉందా, గదిలో ఉందా?

3. ఆ గతానికి వెల ఎవరు చెల్లిస్తున్నారు? జంకి ఆగిన లక్ష్మికి కథలో చోటుందా?

4. తలుపు మూసుకునే హక్కు ప్రేమించినవాళ్ళకు ఉందా? మూస్తే అతడు బయట నిలబడతాడా?

ఈ నాలుగూ కథలకే కాదు, మన చుట్టూ ఉన్న ప్రేమలకూ వర్తిస్తాయి. మా తరగతిలోనే ఒక అమ్మాయి, ఫోను ఎత్తడం ఆలస్యమైతే కేకలేసే అబ్బాయి గురించి, ‘పాపం, వాళ్ళ నాయన చిన్నప్పుడు బాగా కొట్టేవాడంట’ అని సర్దిచెప్పడం విన్నాను. ఆ అబ్బాయి దెబ్బలు నిజమే కావచ్చు. జాలిపడదాం. కాని ఆ దెబ్బల బాకీ ఆ అమ్మాయి తీర్చవలసింది కాదు. చెట్టెక్కగలవా అని అడిగే హక్కు ఆమెకు ఉంది. ఎక్కలేనన్నవాడికి వద్దని చెప్పే హక్కు కూడా ఉంది.

సింహాన్ని ప్రేమించవద్దని అహోబిలం కథ అనదు. షరతులు పెట్టకుండా ప్రేమించవద్దని మాత్రం అంటుంది.